పోపులపెట్టెలో పదహారు

సింగపూరులోని తెలుగువాళ్ళందరిలోకీ ఆవిడ లెక్కకు జవాబు చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. రాఫెల్స్ ప్లేస్ బ్యాంకుల్లో కోట్ల డాలర్లు ఇటునుంచి అటు తోసే కుర్రాళ్ళు, కంప్యూటర్లవాళ్ళు, పేరున్న ఒక ఆడిటరు, అందరూ ఆ లెక్క దగ్గర నీళ్ళు నమిలారు. నేను వేలు మడవలేదు, కాగితం అడగలేదు. నిలుచున్నచోటే జవాబు చెప్పేశాను. ఆవిడ కుర్చీలోంచి లేచి, అంతమంది చూస్తుండగా నాకు దణ్ణం పెట్టింది.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, మొన్న పొద్దున మా బుకిట్ బటోక్ బ్లాకు కింద కాఫీ కొట్లో పది డాలర్ల నోటు ఇచ్చాను. ఒకటే పెద్ద టీ, దాన్ని మా ఆవిడా నేనూ రెండు గ్లాసుల్లో పోసుకు తాగుతాం. కొట్టు ముసలాయన నా అరచేతిలో నాలుగు రెండు డాలర్ల నోట్లు పెట్టాడు. అవి జేబులోకి పోలేదు. చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను.

“ఏమిటలా చూస్తున్నారు, దొంగ నోట్లా?” అంది మా ఆవిడ.

“కాదే. నాలుగు రెండ్లు.”

మా ఆవిడ గ్లాసులో ఏమీ లేకపోయినా ఇంకో గుక్క తాగింది.

ఈ మధ్య నేను టీకి దిగితే మా ఆవిడ కూడా దిగుతోంది. ఒకప్పుడు కొట్లో టీ అంటే మొహం చిట్లించిన మనిషి. ముసలితనంలో మొగుడి మీద ప్రేమ పొంగుతుందని ఎవరూ నాకు ముందుగా చెప్పలేదు. సరే, అది వేరే కథ.

నేను చెబుతున్న ఆవిడ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆవిడ పేరు చాలామందికి తెలియదు. నాకు తెలుసు గానీ రాయను, రాస్తే ఊరుకునే రకం కాదు. కుర్రాళ్ళు ఆంటీ అనేవాళ్ళు. నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అనేది, గోదావరి జిల్లా సాగదీతతో, ఆ పిలుపు అయ్యేలోపు మనం ఏదో తప్పు చేశామేమో వెతుక్కోవాలి.

మనవాళ్ళ శుభకార్యాల్లో వంద చదివించరు, నూటపదహారు చదివిస్తారు. ఊళ్ళో అయితే ఎవరి జేబులో అయినా చిల్లర దొరుకుతుంది. ఇక్కడ ఏటీఎం యాభైలూ పదులూ కక్కుతుంది. మనవాళ్ళు ఆ యాభైలు పట్టుకుని, పట్టుపంచె జారకుండా చూసుకుంటూ, ముహూర్తానికి హాలు గుమ్మంలో దిగుతారు. వంద ఉంటుంది. పదహారు ఉండదు. ఆ పదహారు ఆవిడ దగ్గర ఉండేది.

గుమ్మానికి ఎడమవైపు ప్లాస్టిక్ కుర్చీ, ముందు చిన్న బల్ల, బల్ల మీద స్టీలు పోపులపెట్టె. నిజమైన పోపులపెట్టే. ఆవాల గిన్నెలో డాలరు నాణేలు, మెంతుల గిన్నెలో రెండ్లు, జీలకర్ర గిన్నెలో అయిదులు, మినప్పప్పు గిన్నెలో పదులు. ఇక్కడి నోట్లు ప్లాస్టిక్కువి, చుట్టి పెడితే పాములా విప్పుకుంటాయి. అందుకని కరివేపాకు కట్టలకు వచ్చే రబ్బరుబ్యాండ్లు దాచి వాటికి వేసేది. మూత తియ్యగానే ఇంగువ వాసన వచ్చేది. ఒక పెళ్ళికొడుకు చదివింపుల డబ్బు బ్యాంకులో వెయ్యబోతే కౌంటర్లో అమ్మాయి నోటు ముక్కు దగ్గర పెట్టుకుని, ఆకలేస్తోందన్నదట. ఇది మాత్రం నేను కల్పించింది కాదు, ఇంకెవరో కల్పించారు.

నాణేలను కార్యానికి ముందురోజు చింతపండు పెట్టి తోమేది. ఒక్క డాలరు నాణెం మిలమిల మెరవాలి. “నూటపదహారులో ప్రాణం ఆ చివరి ఒకటండి. కాగితాలన్నీ దాని వెనక నడిచొచ్చే మేళం,” అనేది. వంద, పది, అయిదు, నాణెం. అదే ఆవిడ లెక్కలో శుద్ధమైన నూటపదహారు. నాణేలు అయిపోతే మాత్రం వంద, పది, మూడు రెండ్లు. అది ఇచ్చేటప్పుడు ఆవిడ మొహంలో నెయ్యి లేక నూనెతో దీపం పెట్టినట్టు ఒక చిన్నబోవడం ఉండేది.

లెక్కపెడుతున్నప్పుడు పలకరిస్తే పలికేది కాదు. మనం మాట్లాడుతూ పోతే కళ్ళు మూసుకునేది. కళ్ళు తెరిచాక మొదటి మాట మనల్ని తిట్టడమే. “పదహారు లేకుండా వచ్చారాండి? పెళ్ళని తెలియకుండా వచ్చారా, పెళ్ళికని తెలియకుండా వచ్చారా?” ఇరవై డాలర్ల నోటు మామూలుగా వాడుకలో లేని దేశమని సింగపూరు మీద ఆవిడకొక శాశ్వతమైన కోపం. ప్రభుత్వం మీద ఇంకే ఫిర్యాదూ లేదు.

తొందరగా వచ్చి పనిలేక నిలబడ్డవాళ్ళు దొరికితే ఆవిడ లెక్క వేసేది. పెట్టెలోంచి నాలుగు రెండ్లు తీసి బల్ల మీద వరసగా పరిచేది.

“పదహారు చెయ్యాలి. ఈ నాలుగూ వాడి తీరాలి, ఇంకో రెండు కలపకూడదు. అయిదులు, పదులు ఎన్నైనా తీసుకోండి. నాణెం మాత్రం ముట్టుకోకూడదు.”

మొదట అందరూ నవ్వేవాళ్ళు. తరవాత వంగేవాళ్ళు. ఆపైన పెళ్ళి మరచిపోయేవాళ్ళు. కరీంనగర్ కుర్రాడు ఒకడు, పెద్ద బ్యాంకులో పెద్ద ఉద్యోగం, చెమట తుడుచుకుంటూ అన్నాడు: “ఆంటీ, నాలుగు రెండ్లు ఎన్మిది. ఇంకో ఎన్మిది గావాలె. అయిదుల్ల, పదుల్ల ఎన్మిది యాడికెల్లి వస్తది?”

“నన్నడుగుతావేం బాబూ. నువ్వు చెప్పు.”

“ఏదో మెలిక ఉన్నది.”

“ఉందనుకుంటే వెతుక్కో.”

వాడు జవాబు గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తట్టకుండా వెనక్కి వచ్చేశాడు. లెక్క ఇచ్చారంటే జవాబు ఉండే తీరుతుందని వాడి నమ్మకం. చదువుకున్నవాళ్ళందరికీ ఉంటుంది. నాకూ ఉండేది.

ఇక్కడ నేను మొదట చెప్పినదాన్ని కొంచెం సర్దాలి. నిలుచున్నచోటే చెప్పానన్నాను. నిలుచోలేదు, ఇంటికి పారిపోయాను. నాలుగు రెండ్లు చొక్కా జేబులో పెట్టుకుని రోజుల తరబడి తిరిగాను. రైల్లో మోకాలి మీద పరిచాను. చొక్కాతో పాటు వాషింగ్ మెషీన్లో వేసేస్తే మా ఆవిడ తిట్టింది, నోట్లు మాత్రం తెల్లగా తేలాయి. తరవాతి గృహప్రవేశంలో ఆవిడ కనబడగానే నేను తలదించుకుని, “నావల్ల కాదు చెల్లెమ్మా, ఇది అయ్యే లెక్క కాదు,” అన్నాను. ఓడిపోయినవాడి మాట అది.

ఆవిడ పెట్టె మూత చప్పుడయ్యేలా వేసి అందరికీ వినబడేటట్టు నవ్వింది. “అదేనండి జవాబు. అవదు. మూడు రెండ్లయితే అవుతుంది. ఎనిమిదయితే అవుతుంది. మధ్యలో చచ్చినా అవదు. అవదని చెప్పడానికి ఇంతమందిలో ఒక్కరికీ నోరు రాలేదు చూడండి.”

దణ్ణం పెట్టలేదు. ఒక తాంబూలం ఎక్కువ ఇచ్చింది. అందులో అరటిపండు కాస్త మెత్తబడింది.

ఆ నవ్వు గురించి కొంచెం చెప్పాలి, తరవాత అవసరం వస్తుంది. ముందు భుజాలు కదిలేవి, గాజులు కదిలేవి, చివర్న చప్పుడొచ్చేది. లెక్క ఓడినవాడు ఎంత పెద్దవాడయితే నవ్వు అంత పొడుగు. ఆ ఆడిటరు మీద నవ్విన నవ్వుకు మంగళవాద్యం వాళ్ళు ఒక క్షణం ఆగారని అంటాను నేను. ఆగలేదు. తిరిగి చూశారు.

కాలం మారింది. హాళ్ళ గుమ్మాల్లో క్యూఆర్ కోడ్ ఉన్న అద్దపు పలకలు లేచాయి. ఫోను చూపిస్తే నూటపదహారు వెళ్ళిపోతుంది, చివరి ఒకటి మెరవకుండానే. అయినా కొందరు పాత మనుషులం ఆవిడ కుర్చీ వెయ్యమని పట్టుబట్టేవాళ్ళం. కుర్చీ వేసేవాళ్ళు. ఆవిడ పదిమందికో పదిహేనుమందికో పదహార్లు ఇచ్చి, మిగతాసేపు లెక్క వేసేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. మామూలు పలకరింపు లేదు.

“అన్నయ్యగారూ, ఆ నాలుగు రెండ్లది ఎలా చేసేదాన్నండి?”

నేను నవ్వాను. “ఎలా చెయ్యడమేమిటి? అవదు కదా. నువ్వే చెప్పావు.”

“సరేనండి,” అని పెట్టేసింది.

తరవాత వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. యూ టీ పేటలో ఉంటారు, తల్లి ఆ పిల్ల దగ్గరే. ఆఫీసు నుంచి మాట్లాడుతున్నట్టుంది, గొంతు తగ్గించి చెప్పింది: “అంకుల్, అమ్మ పొద్దున లేస్తే టేబుల్ మీద నోట్లు పరుచుకుని కూర్చుంటోంది. తిండి కూడా పక్కన పెట్టి. డాక్టరు దగ్గరికంటే రాదు. ఆ లెక్క వస్తే తనకు మరుపు జబ్బేం లేనట్టు, రాకపోతే ఉన్నట్టట. జవాబు లేదమ్మా అని నేను వందసార్లు చెప్పాను. ఒకసారి మీరు వచ్చి చెప్పండి. మీ మాట వింటుందేమో.”

మా ఆవిడ మజ్జిగ మిరపకాయలు కట్టుకుని బయల్దేరింది. నేను ధైర్యం కట్టుకుని.

ఫ్లాటు తలుపు తీసే ఉంది. భోజనాల బల్ల మీద నాలుగు రెండ్లు వరసగా ఉన్నాయి. వాటి కింద అయిదులు, పదులు. నాణేల గిన్నె దూరంగా, బల్ల రెండో చివర, మూత పెట్టి. ఆవిడ మమ్మల్ని చూసి లేచింది, వదినగారికి నీళ్ళిచ్చింది, మజ్జిగ మిరపకాయల్లో ఉప్పు ఎక్కువ పడిందేమోనని అడిగింది. అన్నీ మామూలే. కూర్చున్నాక చెయ్యి మాత్రం నోట్ల మీదికి పోయింది.

“చెల్లెమ్మా, చూడు,” అన్నాను. “నాలుగు రెండ్లు ఎనిమిది. మిగిలింది ఎనిమిది. అయిదు తీస్తే మూడు మిగుల్తుంది. పది అసలు పట్టదు. అవదు.”

“అది నాకూ తెలుసండి. అక్కడిదాకా వస్తున్నాను. అక్కడే ఆగిపోతున్నాను. ఆ తరవాత ఏదో చేసేదాన్ని.”

“ఆ తరవాత నవ్వేదానివి. అంతే.”

ఆవిడ నావైపు చాలాసేపు చూసింది. “నవ్వితే పదహారవుతుందాండి?”

నేను నిజం చెబుతున్నాను, అది అబద్ధంలా వినబడుతోంది. అంతకంటే కష్టం ఇంకోటి లేదు.

“మా అమ్మాయీ అవదంది,” అని ఆవిడే మళ్ళీ అంది. “మనవరాలు, నో నీడ్ లా అమ్మమ్మా, అంది. మీరూ అవదంటున్నారు. అందరూ కలిసి అనుకుని వచ్చినట్టున్నారు. జాలిపడి అంటున్నారని తెలుస్తోందండి నాకు. ఆమాత్రం తెలుస్తోంది.”

“జాలి కాదు…”

“వచ్చే నెలలో మా పిల్ల ఓణీల వేడుక. గుమ్మంలో నన్నే కూర్చోమంటోంది వాళ్ళమ్మ, సరదాపడి. నేను కూర్చోనన్నాను. ఇది తేలేదాకా పెట్టె ముట్టుకోను. బుర్ర పోయినదాన్ని డబ్బు దగ్గర కూర్చోబెడితే ఎవరికి ఏం ఇస్తానో, ఎవరి మనసు కష్టపెడతానో. అన్నయ్యగారూ, మీకు జవాబు తెలుసు. మీరే కదండీ చెప్పారు ఆవేళ. నాకు గుర్తుంది. మీరు ఏదో అన్నారు, నేను నవ్వాను, అందరూ చూశారు. ఏమన్నారు?”

మా ఆవిడ నా మోచేతిని తాకింది. మాట్లాడకండి అనో, మాట్లాడండి అనో, నలభై ఏళ్ళ కాపురంలో ఆ తాకుడుకు అర్థం నాకెప్పుడూ తెలియలేదు.

నేను లేచి బల్ల చివర నుంచి నాణేల గిన్నె తెచ్చాను. మూత తీశాను. నాలుగు రెండ్ల పక్కన ఒక అయిదు పెట్టాను. దాని పక్కన మూడు నాణేలు, ఒక్కొక్కటే, పెళ్ళివారు అక్షింతలు వేసినంత నెమ్మదిగా పెట్టాను. ఆ నాణేలు తోమి చాలాకాలమైనట్టుంది.

“ఇదీ నేను చెప్పింది. ఎనిమిది, అయిదు, మూడు. పదహారు. ఇదే నీ లెక్క.”

ఆవిడ నాణేల వైపు చూసింది. తరవాత నా మొహం వైపు చూసింది. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు బాగా అర్థమైందనుకున్నాను. నెమ్మదిగా ఆవిడ మొహం సడలింది. నా చెయ్యి మీద చెయ్యి వేసి తట్టింది.

“అవునన్నయ్యగారూ. ఇదేనండి. ఇదే.”

నోట్లన్నీ పోగుచేసి గిన్నెల్లో సర్దేసింది. రబ్బరుబ్యాండ్లు వేసింది. నాకు టీ ఇచ్చింది, చక్కెర వేసిందో లేదో రుచి చూసుకోమని రెండుసార్లు చెప్పింది. నేను ముందుగా బయటికొచ్చి లిఫ్టు దగ్గర నిలబడ్డాను. ఆడవాళ్ళ వీడ్కోలు ఎప్పుడూ గుమ్మంలోనే కదా సగం. ఆ సాయంత్రం రైల్లో నేను గాల్లో కూర్చున్నాను. ఒక అబద్ధంతో ఒక మనిషిని నిలబెట్టానని.

ఓణీల రోజున ఆవిడ గుమ్మంలో మహారాణిలా కూర్చుంది. పట్టుచీర, ముందు పోపులపెట్టె, తోమిన నాణేలు…

లేదు. ఇక్కడిదాకా రాసి ఆగాను. కూర్చోలేదు. కుర్చీ వేశారు, అది ఖాళీగానే ఉంది. బల్ల మీద అద్దపు పలక పెట్టారు. ఆవిడ లోపల మూడో వరసలో, ఒళ్ళో పెట్టె పెట్టుకుని కూర్చుంది. మూత మీద రెండు చేతులూ ఉన్నాయి. ఎవరో పాత మనిషి దగ్గరికెళ్ళి, “పదహారుందా అమ్మా?” అని అడిగితే, “మా అమ్మాయినడగండి,” అంది, చాలా మర్యాదగా. ఆవిడ అంత మర్యాదగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ఆ కరీంనగర్ కుర్రాడు కూడా వచ్చాడు, ఇప్పుడు జుట్టు పల్చబడింది. ఆవిడ ముందు నిలబడి, “ఆంటీ, లెక్క అడగవా?” అన్నాడు. ఆవిడ వాడి తల నిమిరింది, అంతే.

పాపం, నేను చెప్పిన జవాబు నెల తిరిగేసరికి మరచిపోయింది కాబోలు అనుకున్నాను. మళ్ళీ వెళ్ళి చెప్పాల్సింది. వెళ్దాం వెళ్దాం అంటుండగానే వానల్లో జ్వరం వచ్చింది, ఆసుపత్రి అన్నారు, ఆ తరవాత అందరం మండాయ్ శ్మశానానికి వెళ్ళి వచ్చాం. పెట్టె ఏమైందో తెలియదు. అడగడానికి మొహమాటం. వంటింట్లో ఆవాలు పోసుకునే ఉంటారు, పెట్టెకు అదీ మంచిదే.

నాలుగు రెండ్లు ఇప్పుడు నా ముందున్నాయి. ఖర్చు చెయ్యలేదు. ఎంత లేదన్నా ఆ ఒక్క సాయంత్రం ఆవిడ నిశ్చింతగా ఉంది, ఇదేనండి అని తృప్తిగా అంది, అది నావల్లే. నా గొప్పలన్నీ తీసేసినా అదొక్కటి మిగులుతుందని ఈ వ్యాసం ఇక్కడ ముగించాను. ముగించి, అలవాటు ప్రకారం మా ఆవిడకు చదివి వినిపించాను.

ఆవిడ గోరుచిక్కుళ్ళు తుంచుతూ చివరిదాకా విన్నది.

“ఆ రోజు ఆ ఇంట్లో లెక్క తప్పింది మీకొక్కరికే,” అంది. “నాణెం ముట్టుకోకూడదని ఆవిడకు గుర్తుంది. మీరు లిఫ్టు దగ్గరికెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది. ‘వదినగారూ, అన్నయ్యగారి వాలకం నాకేం బాగాలేదండి. నాణేలు వద్దన్న లెక్కకు నాణేలు పెట్టారు, అదీ నమ్మకంగా. కాదంటే కుంగిపోతారని అవునన్నాను. బయటికి ఒంటరిగా పంపకండి,’ అంది. నేను మీ వెంట టీకి దిగుతున్నది అందుకు. ప్రేమ పొంగిందని రాశారే, అది కొట్టేసి ఇది రాయండి.”